గునుగు కాలిన వాసన

పచ్చిగడ్డి కాలే వాసన వస్తే నాకిప్పటికీ మనసు కలత పడుతుంది.

నా చిన్నప్పుడు, శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు వచ్చిన కొత్త. మా చేలు దాని కింద పోయాక, బతుకమ్మకు గునుగు పూలు రోడ్డు పక్కన మాత్రమే దొరికేవి. గాంధీ జయంతి సెలవు నాడు ఏదో ఆఫీసు వాళ్లు శ్రమదానానికి వచ్చి, ఆ గునుగంతా పీకి కుప్ప పోయసాగారు. మాకోసమే అనుకుని ఇంటికి పరుగెత్తాను.

"అమ్మా, జల్ది రా! పట్నపోళ్లు మనకు పువ్వు తెంపుతున్నరు!"

అమ్మ గంపతో వచ్చేసరికి కుప్పకు నిప్పంటించారు.

"పిచ్చిమొక్కలన్నీ తీసేశామండీ. ఇక పాముల భయం ఉండదు," అంది ఒకావిడ, చెమట తుడుచుకుంటూ.

అమ్మ కాసేపు పొగ వంక చూసింది. "మంచిగ చేసిండ్రు అక్కా. జర కూసోండ్రి, నీళ్లు తెస్త."

అవి బతుకమ్మ పూలని వాళ్లకు ఎందుకు చెప్పలేదని దారంతా ఏడ్చాను.

"సెలవు పూట మనకోసం ఎండల కష్టపడ్డరు బిడ్డా. ఏమని చెప్పాలె?"

ఆ ఏడు మా బతుకమ్మ పళ్లెంలో పూలకన్నా అడుగున పరిచిన గుమ్మడాకులే ఎక్కువ కనిపించాయి.

ఇప్పుడు నేనూ ఆఫీసు వాళ్లతో శ్రమదానానికి వెళ్తుంటాను. ఊరివాళ్లెవరైనా నీళ్లు తెచ్చిస్తే, తాగేముందు మేం పీకి పడేసిన కుప్ప వైపు ఒకసారి తిరిగి చూస్తాను.