చింతమొద్దు మీద ఉల్లిపాయలు

పటమటలో మాది కోళ్ల కొట్టు. మెడ కోసి డ్రమ్ములో పడేస్తే లోపల రెక్కలు టపటపా కొట్టుకుని ఆగిపోయేవి. ఆ చప్పుడులో పెరిగినవాణ్ణి. రక్తమంటే నాకు చెమట కంటే ఎక్కువేం కాదు. కోపమొస్తే నా చెయ్యి నాకంటే ముందు లేచేది.

తొంభైల చివర ఓ ఎండాకాలం. మా అక్క కూతురికి నాలుగేళ్లు నిండాయని, తొలి అక్షరాలు పలికించే బిస్మిల్లా వేడుక పెట్టుకున్నాం. పొద్దున్నే నలభై కోళ్లు నేనే కోసి ముక్కలు కొట్టాను. కొట్టులోని చింతమొద్దుకి మేమెప్పుడూ సబ్బు తగలనివ్వలేదు. కత్తితో గీకి, గుప్పెడు ఉప్పు రుద్దితే శుభ్రమైపోయినట్టే. మా తాత నాటి నుంచీ అదే పద్ధతి. అలాగే గీకి, అదే కత్తితో, అదే మొద్దు మీద పెరుగు పచ్చడికి ఉల్లిపాయలు తరిగి ఇచ్చాను. ఆ పచ్చడి మధ్యాహ్నం దాకా షామియానా కింద వేడిలోనే ఉంది.

మర్నాటికి పిల్లకి ఒళ్లు కాలిపోయే జ్వరం, వాంతులు, రక్త విరేచనాలు. ఆసుపత్రిలో సెలైన్ పెట్టడానికి నరం దొరక్క సూదులు గుచ్చుతుంటే, ఏడవడానికి కూడా ఓపిక లేదు దానికి. చుట్టాల్లో ఇంకో పదిమంది మంచం పట్టారు. పిల్ల చచ్చిపోతుందని నాకు పిచ్చెక్కింది. కోడి సరిగ్గా ఉడికించలేదని, వేడుకకి బిర్యానీ వండిన వంటమాస్టారి ఇంటికెళ్లి, మా నాన్న వయసున్న ఆ మనిషిని చొక్కా పట్టి వీధిలోకి లాగి, చేతికందిన గరిటెతో చెవి మీద కొట్టాను. పడిపోతే కాలితో తన్నాను. ఆయన మాత్రం "బాగా ఉడికిందయ్యా, నేనూ తిన్నాను" అంటూనే ఉన్నాడు.

సాయంత్రం డాక్టరమ్మ అడిగింది, "పాప ఏం తిన్నదండీ?"

"బిర్యానీ కారమని ముట్టలేదండీ. అన్నంలో పెరుగు పచ్చడే కలిపి పెట్టాను," అంది అక్క.

"ఉల్లిపాయలు దేని మీద తరిగారు?"

పచ్చి కోడిలో సాల్మొనెల్లా అనే క్రిమి ఉండొచ్చని, బాగా ఉడికితే చస్తుందని, పచ్చి ఉల్లిపాయలకి అంటితే బతికే ఉంటుందని, ఎండలో ఇంకా పెరుగుతుందని ఆవిడ చెబుతోంది. కోడికి వేరే కత్తి, వేరే పలక పెట్టుకోవాలట. ముట్టుకున్న చేతులు సబ్బుతో కడగాలట. గరిటె పట్టిన నా చేతి వైపే చూస్తూ కూర్చున్నాను.

పిల్ల బతికింది. ఆ రోజే కొట్టుకెళ్లి గొడ్డలితో మొద్దుని ముక్కలు ముక్కలు చేశాను. తర్వాత మాస్టారి మంచం పక్కన కూర్చుని, తప్పు మీ వంటది కాదని, నాదేనని, ఏడుస్తూ అంతా చెప్పాను.

ఆయన మెల్లగా తల తిప్పాడు.

"ఇటుపక్కకొచ్చి చెప్పు అబ్బాయ్. ఆ చెవి వినపడట్లేదు."