కట్టేసిన పడవలో ఒక గంట: పిల్లలతో గోదావరికి ముందు తడ రేవులో

మా ఇంట్లో నేను ఏం చేసినా దానికి ఒకటే పేరు, తిరుగుడు. ఉద్యోగం మారితే తిరుగుడు. ఆదివారం అలిపిరి మెట్లెక్కి వస్తే తిరుగుడు. స్నేహితురాలి పెళ్ళికి వెళ్ళొచ్చినా తిరుగుడే. అందుకే అక్క పిల్లలిద్దరినీ తీసుకుని గోదావరి మీద మూడు రోజులు పడవలో వెళ్దామని అన్నప్పుడు, నగరిలో మరమగ్గాలు నడిపే మా నాయన ఆ చప్పుడు మీదుగా అరిచి మరీ తీర్పు చెప్పేశాడు. “పిల్లోల్లను అడ్డం పెట్టుకోని నువ్వు తిరగాలని సూస్తా ఉండావు!”

నిజానికి ఆ కోరిక నాది కాదు, ఆరేళ్ళ లాస్యది. ఒకరోజు బస్సు స్వర్ణముఖి వంతెన దాటుతుంటే కింద ఇసుకను చూపించి, “చిన్నమ్మా, ఈ నదిలో నీళ్ళు ఎప్పుడు పోస్తారు?” అని అడిగింది. నిండుగా పారే నదిని ఆ పిల్ల ఇంతవరకూ చూడలేదు. ఆ రాత్రి నుంచే ఫోన్‌లో బోట్ల వీడియోలు చూడటం మొదలుపెట్టాను. చూసి చూసి మూడు రకాలు మిగిల్చాను. ఒకటి, అరవై మంది పట్టే రెండంతస్తుల ఏసీ బోటు. మా బావ ఓటు దీనికే, పాటలూ డాన్సులూ ఉంటాయని. రెండోది, పన్నెండు మంది పట్టే ఒకే అంతస్తు బోటు, పైన కప్పు, రాత్రి పడక ఒడ్డున గుడిసెల్లో. మూడోది, చెయ్యి చాపితే నీళ్ళు అందే చిన్న పడవ. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు గానీ, నా మనసు మూడోదాని మీదే ఉండింది.

ముందు పిల్లల్ని మనకు దగ్గరున్న నీళ్ళ మీద ఒక రోజు కూర్చోబెట్టి చూద్దామనుకున్నాను. తడ దగ్గరి సరస్సు నది కాదు, నిజమే. కానీ పిల్లలు ఈ పిల్లలే కదా. నాయన అలిగినా, రెండు లైఫ్ జాకెట్లు మాత్రం ఎక్కడినుంచో కొనుక్కొచ్చాడు. రెండూ పదేళ్ళ పిల్లలకు సరిపోయేవి. “ఎదిగే పిల్లోల్లు. రొండేండ్లన్నా రావద్దా?” అన్నాడు. మా ఇంట్లో స్కూలు యూనిఫారం నుంచి చెప్పుల దాకా అన్నీ అలాగే కొంటారు. మూడేళ్ళ రిషికి ఆ జాకెట్ మోకాళ్ళ దాకా వచ్చింది. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

కార్తీకంలో ఒక ఆదివారం, అక్కా నేనూ పిల్లలూ పొద్దున ఐదూ ముప్పావుకు తిరుపతి బస్టాండులో కాళహస్తి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. చెన్నై దాకా నేరుగా వెళ్ళే బస్సుల్లో కొన్ని తడ మీదుగా పోతాయి కానీ, వాటికి టికెట్ తీసుకోవాలి. కాళహస్తిలో మారితే ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్ళు ఊరికే వెళ్ళొచ్చు. మారడానికి అరగంట పోతుంది, పిల్లలకు ఇడ్లీ పెట్టడానికి ఆ అరగంట ఎలాగూ కావాలి. ఏర్పేడులో పెద్ద బ్యాగులతో కాలేజీ పిల్లలు దిగిపోయాక సీట్లు దొరికాయి. రిషికి తిరుమలలో గుండు కొట్టించి నాలుగు రోజులే అయింది. ఆ గుండు నా ఒళ్ళో పెట్టుకుని వాడు నిద్రపోయాడు. తొమ్మిదింపావుకు తడలో దిగాం. సరస్సు దాకా ఆటోకు రానూపోనూ మూడు వందల యాభై.

“పక్షుల్ని సూసేదానికామ్మా?” అన్నాడు ఆటో అతను.

“కాదన్నా, పడవను చూడ్డానికి.”

“పడవలో సూసేదానికి ఏముండాది? పిల్లోల్లకు పక్షులైనా సూపించండమ్మా, పాపం.”

రేవులో మాకు దొరికినాయన సుబ్రమణి. యాభై దాటిన వయసు, గళ్ళ లుంగీ. ఆయనకు చేపలు పట్టే చిన్న ఫైబర్ పడవ ఒకటీ, చలికాలంలో పక్షులు చూడటానికి వచ్చేవాళ్ళను తిప్పే కప్పున్న పడవ ఒకటీ ఉన్నాయి. రెండూ కలిపి సగం రోజుకు పదిహేను వందలకు ఒప్పుకున్నాడు. నేను ఊరికే ఉండలేక గోదావరి సంగతంతా చెప్పి, ఫోన్ తీసి మూడు బోట్లూ చూపించాను. ఏది మంచిదని అడిగాను.

ఆయన ఫోన్‌ను దూరంగా పట్టుకుని చూశాడు. “ఫొటోలో పడవ ఊగదు గదమ్మా. ఎట్ల జెప్పేది?”

“అయితే చిన్న పడవలో ఒక రౌండ్ తీసుకెళ్ళన్నా.”

“ఇప్పుడే యాడికి? ముందు కట్టేసిన పడవలో గంటసేపు కూసోండి. మా పిల్లోల్లను నెల దినాలు అట్లనే ఆడించినాం. వాళ్ళు యాడ ఎక్కుతారు, యాడ పడతారు, దేన్ని పీకుతారు, అంతా ఆడనే తెలుస్తాది.”

గుంజకు తాడేసి కట్టిన పడవ, మోకాళ్ళ లోతు నీళ్ళు. అందులో ఒక గంట! అంత దూరం బస్సులు మారి వచ్చింది దీనికా అనిపించింది. అక్క మాత్రం హాయిగా చెప్పులు విడిచి కూర్చుంది. లాస్య నీళ్ళలో వేళ్ళు పెట్టింది. రిషి ఆ పెద్ద జాకెట్ వేసుకునే అంచుకు ఆనుకుని, పడవ అడుగున దొరికిన, వలకు కట్టే పూసతో ఆడుకున్నాడు. నేను ఫోన్ చూశాను, లేచాను, కూర్చున్నాను. ఇంజను ఎలా బిగించారో చూద్దామని మళ్ళీ లేచి, మళ్ళీ కూర్చున్నాను. ఒడ్డున తాటాకు పందిరి కింద చేపలు వేయిస్తున్న సుబ్రమణి భార్య కుప్పమ్మ నన్నే చూస్తూ ఉంది.

“ఏమయ్యో, పిల్లోల్లు బాగనే కూసోనుండారు. ఆ పెద్ద పాపను కట్టెయ్యి గుంజకు!” అని అరిచింది. అక్క పగలబడి నవ్వింది. నాకు రోషం వచ్చింది. ఏదో జవాబు చెప్పాలని గబుక్కున ఆవైపు తిరిగి లేచాను.

పడవ ఒక పక్కకు ఒరిగింది. రిషి అంచు మీదుగా జారి నీళ్ళలో పడ్డాడు.

పెద్ద చప్పుడు కూడా కాలేదు. ఆ జాకెట్ తన పని తాను చేసింది, పైకి తేలింది. లోపల ఉన్న రిషి తేలలేదు. జాకెట్ చెవుల దాకా ఎగదన్నింది, చేతులు పైకి లేచిపోయాయి, ముఖం నీళ్ళలో ఉంది. సుబ్రమణి రెండు అంగల్లో వచ్చి జాకెట్ భుజాలు పట్టుకుని ఎత్తాడు. ఉత్త జాకెట్టే ఆయన చేతుల్లోకి వచ్చింది. దాన్ని విసిరేసి వాడి జబ్బ పట్టుకుని లేపాడు. మోకాళ్ళ లోతు నీళ్ళు. రిషి దగ్గాడు, తుమ్మాడు, తర్వాత ఏడ్చాడు. అక్క నీళ్ళలోకి దూకి వాణ్ణి ఎత్తుకుంది. నేనైతే నిలబడిన చోటే ఉండిపోయాను. ఆ పూటంతా నేను కదలకుండా ఉన్నది అప్పుడే.

“ఈ సొక్కా ఎవురు కొన్నారు?” అన్నాడు సుబ్రమణి.

“మా నాయన. పెద్దవుతారని...”

“పెద్దయినాక కొనొచ్చు గదమ్మా.” జాకెట్‌ను ఒడ్డు మీదికి విసిరి, “నీ మీద కోపం లేదులే. మూడుసార్లు లేసినావు, నేనూ సూస్తానే ఉండా. చిన్న పడవలో ఒకరు లేస్తే అందరూ లేసినట్లే,” అన్నాడు.

కుప్పమ్మ రిషిని తుడిచి, తన కొంగుతో గుండు చుట్టి, పందిరి కింద పొయ్యి పక్కన కూర్చోబెట్టింది. వేడన్నంలో చేపల పులుసు కలిపి ముళ్ళు తీసి తినిపించింది. తినిపిస్తూనే నన్ను అడిగింది. “ఆ మూడు దినాల పడవలో వీడు ఉచ్చకు యాడికి పోతాడు? పగులు నిద్దరొస్తే యాడ పండుకుంటాడు?” నేను చూసిన వీడియోల్లో అవేవీ లేవు. భోజనం మెనూ అడిగితే మాత్రం గడగడా చెప్పేదాన్ని.

పదకొండున్నరకు కప్పున్న పడవ ఎక్కాం. జాకెట్లు సుబ్రమణివే, పిల్లలకు సరిపోయేవి, కాళ్ళ మధ్య నుంచి పట్టీ వేసి బిగించేవి. దూరంగా రాజహంసలు గులాబీ రంగు గీతలా కనిపించాయి. లాస్య ఎగిరి గంతులేసింది, పడవ పెద్దగా ఊగలేదు. నేను ఈసారి బెంచీ మీద కాకుండా కింద కూర్చుని రిషి ఎత్తు నుంచి చూశాను. పక్క చెక్క వాడి ఛాతీ దాకా ఉంది, సందుల్లేవు. వాడు పావుగంటలో నేల మీదే పడి నిద్రపోయాడు. వెనక ఇంజను పక్కన మాత్రం అడ్డం ఏమీ లేదు, అక్కడ పెద్దవాళ్ళు ఒకరు కాపలా ఉండాల్సిందే. రెండంతస్తుల బోటు గురించి అప్పుడే తేల్చుకున్నాను, వద్దని. ఆ వీడియోలో కమ్మీల మధ్య లాస్య తల దూరేంత సందు ఉంది, పైకి నిటారు మెట్లు. ఆ పాటల హోరులో పిల్ల పిలిస్తే వినపడదు. చిన్న పడవ సంగతి చెప్పక్కర్లేదు. మిగిలింది ఆ పన్నెండు మంది బోటు.

రెండున్నరకు తిరుగు బస్సు. కాళహస్తి దాటాక అక్క మెల్లగా, “నాయనకు చెప్పొద్దులే,” అంది.

“చెప్తాను. జాకెట్లు మార్చాలి కదా.”

“చెప్తే ఇంక పంపిస్తాడా? నువ్వు లేసినావని కూడా చెప్తావా?”

“అదీ చెప్తాను.”

బస్సులోంచే ఆ పన్నెండు మంది బోటు యజమానికి ఫోన్ చేశాను. పక్క చెక్క ఎంత ఎత్తు, ఇంజనుకు తలుపుందా, లోపల మరుగుదొడ్డి ఉందా అని అడిగాను. “అన్నీ సూపర్‌గా ఉంటాయి మేడమ్, ఫొటోలు పెడతాను,” అన్నాడు. కొలిచి చెప్పమంటే నవ్వాడు. ఇంటికి వెళ్ళి నాయనకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన రిషి వేసుకున్న ఆ జాకెట్‌ను రెండు చేతుల్లో అటూ ఇటూ తిప్పి చూశాడు. “అంగడోడు మార్చిస్తాడులే,” అన్నాడు. తర్వాత, “నువ్వు మాత్రం ఇంక ఆ గోదావరి మాట ఎత్తొద్దు,” అన్నాడు.

నా గురించి మా వాళ్ళు అనేదాంట్లో సగం నిజం. నాకు కూర్చోవడం రాదు, ఆ రోజు దానికి మూల్యం చెల్లించబోయింది మూడేళ్ళ పిల్లవాడు. కానీ ఆ సగం తెలిసింది ఇంట్లో కూర్చుంటే కాదు, వెళ్తేనే. పిల్లలకు పడవ ఎంచుకోవడమంటే పడవను చూడటమే అనుకున్నాను. పిల్లల్ని చూడాలి, వాళ్ళ పక్కన కూర్చునే మనిషిని ఇంకా గట్టిగా చూడాలి. మీరూ ఇలాంటి ప్రయాణం అనుకుంటుంటే ఒక్క పని చేయండి. ఇంట్లోనే పిల్లకు లైఫ్ జాకెట్ వేసి, పట్టీలన్నీ బిగించి, చేతులు పైకెత్తమని చెప్పి, జాకెట్ భుజాలు పట్టుకుని పైకి లాగండి. చెవుల దాకా వస్తే అది ఆ పిల్లది కాదు.

రెండంతస్తుల బోటు వద్దని బావకు చెప్పేశాను. పన్నెండు మంది బోటులో వచ్చే గురువారం నాకు ఒక్కదానికే సీటు తీసుకున్నాను. మూడు రోజులూ అందులో కూర్చుని, టేపు పెట్టి కొలిచి వస్తాను. అది సరిగ్గా ఉంటేనే పిల్లలు వస్తారు, లేకపోతే ఈ ఏడాది రారు. నేను మాత్రం వెళ్తున్నాను.