సంవత్సరం కింద నువ్వుగింజ

నేను గడియారాల మెకానిక్‌ని. జగ్గయ్యపేటలో ముప్పై ఏళ్ళుగా ఇదే పని. ఆగిపోయిన గడియారానికి కారణం తప్పకుండా ఉంటుంది. సెల్ అయిపోతుంది, దుమ్ము చేరుతుంది, చక్రం పన్ను అరుగుతుంది. దెయ్యం పట్టి ఆగిన గడియారం ఒక్కటి కూడా నా బల్ల మీదికి రాలేదు. అందుకే అలాంటి కబుర్లు ఎవరు చెప్పినా నవ్వేసేవాణ్ణి. జరిగింది చెప్పేముందు ఆ సంగతి మీకు తెలియాలి.

మా తమ్ముడు సుభానీ నందిగామలో ఆటో నడిపేవాడు. నలభై దాటీ దాటకుండానే వాడికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. ఆటో అమ్మేశాం. వారానికి రెండుసార్లు విజయవాడలో డయాలసిస్. మంగళవారం షాపు మూసి నేను వాడి వెంట వెళ్ళేవాణ్ణి. శుక్రవారం వాడి భార్య రజియా వెళ్ళేది.

అక్కడ నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి. ఎడమ చేతికి సూదులు. ఫోను చూస్తే తలనొప్పి అనేవాడు. ఒకరోజు నా జేబులో ఉన్న, నేను పని చేసేటప్పుడు కంటికి బిగించుకునే లెన్సు అడిగి పెట్టుకుని, కుడిచేత్తో రూపాయి బిళ్ళలు ఒక్కొక్కటే పట్టుకుని చూడటం మొదలుపెట్టాడు.

"అన్నా, సంవత్సరం అంకె కింద ఈ చుక్కేంటి? దీనికేమో నక్షత్రం ఉంది."

ఇన్నేళ్ళు లెన్సు పెట్టుకుని బతికినా నేను ఎప్పుడూ గమనించలేదు. నెమ్మదిగా తెలుసుకున్నాం. నక్షత్రం ఉంటే హైదరాబాద్ టంకశాలది, వజ్రం ఆకారం ఉంటే ముంబైది, చుక్క ఉంటే నోయిడాది, ఏమీ లేకపోతే కలకత్తాది. అప్పటినుంచి వాడికి అదే కాలక్షేపం. బస్సులో చిల్లర చేతికొస్తే చాలు, ముందు సంవత్సరం కిందే చూసేవాడు.

ఒక మంగళవారం నన్ను దగ్గరికి పిలిచాడు. రెండు రూపాయల బిళ్ళ. సంవత్సరం కింద ఒక గుర్తు ఉంది. చుక్క కాదు, నక్షత్రం కాదు. ఎడమవైపుకి వాలిన నువ్వుగింజలా, లోహం పైకి ఉబికి ఉంది.

"ఇది ఏ ఊరి మింట్‌దో కనుక్కో అన్నా. నీకు హైదరాబాద్‌లో తెలిసినోళ్ళున్నారుగా."

సరేనని చొక్కా జేబులో వేసుకున్నాను. ఆ సాయంత్రమే విజయవాడ బస్టాండులో టీ తాగి, జేబులో చేయి పెట్టి చేతికి వచ్చిన చిల్లర ఇచ్చేశాను. బస్సు నందిగామ దాటాక గుర్తొచ్చింది. మర్నాడు మళ్ళీ వెళ్ళి అడిగాను. టీకొట్టు అతను గల్లాపెట్టె నా ముందే బోర్లించాడు. అందులో లేదు.

వాడికి చెప్పలేకపోయాను. తర్వాతి మంగళవారం అడిగితే హైదరాబాద్ పంపానన్నాను. ఆ పైవారం, తెలిసినాయన పై ఆఫీసరుకి చూపించాడంట అన్నాను. ఇంకో వారం, పాత రిజిస్టర్లు తీస్తున్నారంట అన్నాను. వాడు కళ్ళు సగం మూసుకుని అన్నీ వినేవాడు. నాలుగు నెలలు అలా చెప్పాను. ఆఖరి మంగళవారం కూడా, "ఏమన్నా తెలిసిందా అన్నా?" అని అడిగాడు. వచ్చేవారం తేలిపోద్దిరా అన్నాను.

ఆ ఆదివారం పొద్దున వాడికి ఊపిరి ఆడలేదు. ఆస్పత్రికి చేరేలోపే పోయాడు.

తొమ్మిది రోజుల తర్వాత షాపు తెరిచాను. మొదటి బేరం పెనుగంచిప్రోలు నుంచి వచ్చిన ఒక రైతుది. వాచీకి సెల్ వేయించుకుని డబ్బులిచ్చాడు. లెన్సు ఇంకా నా కంటికే ఉంది. అతనిచ్చిన రూపాయి బిళ్ళ మీద, సంవత్సరం కింద అదే గుర్తు, అదే వాలు. బిళ్ళ చేతిలోంచి జారి కింద పడింది. బల్ల కింద దూరి వెతికి తీశాను.

తర్వాత రెండు వారాలకి, వేదాద్రి నుంచి వచ్చినావిడ ఇచ్చిన రెండు రూపాయల బిళ్ళ మీద మళ్ళీ అదే గుర్తు చూశాను. పోయిన బిళ్ళే తిరిగొచ్చిందనుకున్నాను. సంవత్సరం చూస్తే వేరు. మూడోది, రజియా దగ్గరికి వెళ్తుంటే బస్సు కండక్టర్ ఇచ్చిన అయిదు రూపాయల బిళ్ళ. ఆ రాత్రి క్యాలెండర్ చూసుకున్నాను. బిళ్ళలు వచ్చిన మూడు రోజులూ మంగళవారాలే.

నందిగామలో నాణేలు సేకరించే రిటైర్డ్ లెక్చరర్ ఒకాయన ఉన్నారు. మూడూ ఆయన ముందు పెట్టాను. చాలాసేపు చూశారు.

"గీస్తే లోహం లోపలికి పోవాలి, ఇది పైకుంది. అచ్చులో లోపమనుకుందామంటే, విలువలు వేరు, సంవత్సరాలు వేరు. దీనికి పక్కనే నక్షత్రం ఉంది, దీనికి చుక్క ఉంది, దీనికి ఏమీ లేదు. మూడు టంకశాలల్లో ఒకటే లోపం రాదండి. నాకు తెలీదు మస్తాన్ గారూ."

అటునుంచి అటే రజియా ఇంటికి వెళ్ళాను. ఆ అమ్మాయి మిషను మీద జాకెట్లు కుడుతోంది. బిళ్ళలు చూపించి, పోగొట్టిన సంగతి, చెప్పిన అబద్ధాలు అన్నీ చెప్పేశాను. మిషను ఆపింది.

"ఆయనకి తెలుసు బావగారూ."

"ఏం తెలుసమ్మా?"

"పోగొట్టారని. మా అన్నకి అబద్ధం చెప్పటం రాదు, చెప్పేటప్పుడు కళ్ళజోడు తుడుస్తాడు అని నవ్వేవారు."

"మరి ప్రతివారం ఎందుకడిగాడు?"

"మీరు ఏదో ఒకటి చెప్తారని. ఆ నాలుగ్గంటలూ గడవాలిగా."

వాడు పోయినరోజు కూడా ఏడవనివాణ్ణి, ఆ గుమ్మంలో కూర్చుని ఏడ్చాను. రజియా లెన్సు పెట్టుకుని మూడు బిళ్ళలూ ఒక్కొక్కటే చూసింది. మీ దగ్గరే ఉండనీండి అని తిరిగి నా చేతిలో పెట్టింది.

ఆ తర్వాత అలాంటి బిళ్ళ ఒక్కటి కూడా నాకు రాలేదు. చేతికొచ్చిన ప్రతిదీ చూస్తూనే ఉన్నాను. ఆ మూడూ లెన్సు డబ్బాలో ఉన్నాయి. ఫోటోలు కూడా ఉన్నాయి. నమ్మనివాళ్ళు షాపుకొచ్చి చూడొచ్చు.

చూసినవాళ్ళంతా అదేం గుర్తని అడుగుతారు. నాకు తెలియదండి అంటాను. తెలియదు అన్న ఆ ఒక్క మాటే నా తమ్ముడికి చెప్పలేకపోయాను.