సగం నల్లటి వృత్తం

మొదలైంది 1994లో ఒక ఆదివారం, ఉదయం ఎనిమిదింబావుకు. ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. (సీతమ్మధారలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పడానికి చేరి అప్పటికి నాలుగు నెలలు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళూ నాకు తెలిసింది ఏటేటా తగ్గుతూనే వచ్చింది.) అమ్మకు జ్వరం రావడంతో మొదటిసారి మా తమ్ముడు ఒంటరిగా మార్కెట్‌కు వెళ్ళి కిలో టమాటాలు తెచ్చాడు. సంచి బోర్లిస్తే సగం పండినవి, సగం పచ్చికాయలు. "పండినవి తెమ్మంటే ఇవేంట్రా?" అన్నాను. "అన్నీ ఒకేలా ఉన్నాయి కదక్కా" అన్నాడు వాడు. హాస్యానికి కాదు, నిజంగానే. నా ఒళ్ళు పులకరించింది. పుస్తకంలో మాత్రమే చూసిన వర్ణాంధత మా వంటింట్లో నా సొంత తమ్ముడి రూపంలో నిలబడి ఉంది! (ఓడలను రేవులోకి లాక్కొచ్చే టగ్గు బోటు మీద ఉద్యోగానికి వాడికి బుధవారమే వైద్యపరీక్ష అన్న సంగతి ఆ సంతోషంలో అరగంట ఆలస్యంగా గుర్తొచ్చింది. ఊహ తెలిసినప్పటి నుంచీ వాడు కోరుకున్నది ఆ ఒక్కటే.)

అమ్మను గుమ్మంలో కూర్చోబెట్టి, ముగ్గుపిండితో మా వంశాన్ని గీశాను. మగవాళ్ళకు చతురస్రాలు, ఆడవాళ్ళకు వృత్తాలు, లోపమున్న చోట బొగ్గు. "ఇది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుందమ్మా. ఆడవాళ్ళకు ఎక్స్‌లు రెండు కాబట్టి ఒకటి చెడినా రెండోది కాపాడుతుంది. మగపిల్లాడికి ఒక్కటే, అదీ తల్లి ఇచ్చిందే. అంటే వీడికి నీ నుంచే వచ్చింది" అంటూ అమ్మ వృత్తంలో సగానికి బొగ్గు రుద్దాను. పక్కింటావిడ ఆగి, "ఏటి పిన్నీ, కొత్త ముగ్గా? సుక్కలెన్నేటి?" అంది. "చుక్కల్లేవే, మా అమ్మాయి నన్ను సగం నల్లగా వేసింది" అంది అమ్మ, తొణక్కుండా. వన్‌టౌన్‌లో బట్టల కొట్టున్న మా మావయ్య, అంటే అమ్మకు అన్నయ్య, ఆయన చతురస్రం దగ్గర చెయ్యి ఆపాను. "మేనమామ పోలిక అంటారు కదా, మావయ్యకూ ఉందా?" అని అడిగితే, "అన్నయ్యకేం, రోజుకు వంద చీరలమ్ముతాడు" అని మాట దాటేసింది.

"టగ్గు మీద ఉద్యోగమంటే, సముద్రంలో ఎదురొచ్చే పడవ దీపం ఎర్రదో ఆకుపచ్చదో తెలియాలమ్మా" అన్నాను.

"పక్కనున్నవాళ్ళు చెప్పరా?" అంది అమ్మ. ఇదేం సమాధానమని నవ్వాను.

ఆమె నవ్వలేదు. "నా వల్ల వచ్చింది, నేనే పోగొడతాను" అని పంతం పట్టింది. చుక్కల్లో అంకెలు దాగుండే రంగుల పరీక్ష పుస్తకం నా చేత కాలేజీ నుంచి తెప్పించి, వాడి చేత ఎక్కాల్లా వల్లె వేయించింది. అన్నం కలుపుతూ "మొదటిది?" అంటే "పన్నెండు", చారు పోస్తూ "రెండోది?" అంటే "ఎనిమిది". మంగళవారానికల్లా వాడు నిద్రలో కూడా తప్పు పోవడం లేదు. బుధవారం పోర్టు డాక్టరుగారు ఎదురుగా కూర్చోమనగానే మావాడు చేతులు కట్టుకుని "పన్నెండు, ఎనిమిది, ఆరు, ఇరవై తొమ్మిది" అని గడగడా అప్పజెప్పేశాడట. ఆయన కళ్ళజోడు సవరించుకుని, "పుస్తకం ఇంకా తెరవలేదు నాయనా" అన్నారట.

ఆ సాయంత్రం వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు, అన్నం ముట్టలేదు. కబురు తెలిసి మావయ్య వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. "నాకూ అంతేరా అల్లుడూ" అన్నాడు. వాడు లేచి కూర్చున్నాడు. "మరి కొట్టెలా నడుపుతున్నావు మావయ్యా?" "చిన్నప్పుడు మీ అమ్మ నా పక్కన నడుస్తూ కనిపించిన ప్రతిదాని రంగూ పైకి చెప్పేది. చూసేవాళ్ళు వసపిట్ట అనుకునేవారు. కొట్టు పెట్టాక రంగుకో అర చొప్పున సర్దిపెట్టింది. పండక్కి కొత్త సరుకు దిగిందంటే ఈరోజుకీ వచ్చి సర్దేది మీ అమ్మే."

అప్పుడు గుర్తొచ్చాయి నాకు, పుట్టినప్పటి నుంచీ వింటున్న అమ్మ మాటలు. "ఆ ఎర్ర గళ్ళ చొక్కా వేసుకోరా." "ఆకుపచ్చ మూత డబ్బా అందుకోరా." మార్కెట్‌కు తానే వెళ్ళడం. ఒక్క బొగ్గుముక్కా లేకుండా, క్రోమోజోమ్ పేరు వినకుండా, ఆమె తన అన్నలోనూ కొడుకులోనూ ఆ పోలిక పట్టుకుంది. నేను దానికి పేరు పెట్టాను, ఆమె పక్కన నడిచింది. ఆ రాత్రి తమ్ముడికి అన్నం కలిపి పెడుతూ, "ఇది గోంగూర, నల్లగా కనిపిస్తే భయపడకు" అంది. వాడు నవ్వి తిన్నాడు.

తర్వాత వాడికి అదే పోర్టులో గోదాముల వైపు ఉద్యోగమొచ్చింది. ఇప్పటికీ కిటికీలోంచి టగ్గులు చూస్తుంటాడు. నాకిద్దరూ ఆడపిల్లలే గనుక నా వృత్తం తెలుపో సగం నలుపో ఇంకా తేలలేదు. మొన్న బీచ్ రోడ్డులో ఇద్దరం నడుస్తుంటే, "అదిగో, ఆ పడవ దీపం ఆకుపచ్చదిరా" అన్నాను. "నేనడిగానా అక్కా?" అన్నాడు. అడగలేదు. నేను ఆగనూ లేదు, దాని పక్కది ఎర్రదని కూడా చెప్పాను.

మొత్తం మీద పోయినవి: టమాటాలు అరకిలో (పచ్చివి పచ్చడి చేశాం), సముద్రం మీది ఉద్యోగం ఒకటి, నాకన్నీ తెలుసన్న నమ్మకం, పదకొండేళ్ళ కిందట అమ్మ.