చేతులు కలపని కుస్తీ

మా ఆయన ఖాసింను కల్వకుర్తిలో అందరూ రేడియో ఖాసిం అనేవారు. టీవీలు బాగుచేయడం మొదలుపెట్టినా ఆ పేరు మారలేదు. వీడియో గేమ్ దుకాణం పెట్టినా మారలేదు. ఆయన పోయి రెండేళ్లు కావస్తోంది. మొన్న ఒక ముసలామె సంచిలో రేడియో పెట్టుకుని వచ్చి, "రేడియో ఖాసిం ఇల్లు గిదేనా బిడ్డా?" అని అడిగింది. ఇదేనన్నాను. ఆయన పోయిన సంగతి కూడా చెప్పాను. ఆమె గడప మీద కాసేపు కూర్చుని, నీళ్లు తాగి, సంచి అలాగే చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆయనకు యంత్రాలు తొందరగా అర్థమయ్యేవి. మనుషులు అర్థం కావడానికి కొంచెం ఆలస్యమయ్యేది. కానీ అర్థమయ్యాక, తప్పు తనదైతే ఒప్పుకోవడానికి వెనకాడేవాడు కాదు. ఆ గుణం నేను కళ్లారా చూసింది తొంభై అయిదులో, ఐలేశం అన్న మా ఇంటికి రావడం మానేసినప్పుడు.

ఐలేశం అన్న ఉండేది కల్వకుర్తికి రెండు కోసుల దూరంలో ఒక పల్లెలో. గొర్లు కాసుకునే ఇల్లు. పడుచుతనంలో పెద్ద పహిల్వాన్. జాతరల్లో, దర్గా ఉర్సుల్లో కుస్తీ పట్టేవాడు. ఒక ఉర్సులో మా ఆయన మైకు సెట్టు వేయడానికి వెళ్లినప్పుడు ఇద్దరికీ దోస్తీ కుదిరింది. మా పెళ్లికి ముందు మాట అది. ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. అలా నాకు అన్న అయ్యాడు. మా ఆయనకు తోడబుట్టినవాళ్లు ఎవరూ లేరు. అంగడి రోజు ఐలేశం అన్న వచ్చి దుకాణం ముందు బల్ల మీద కూర్చుని నాలుగు మాటలు మాట్లాడితేనే ఆయనకు ఆ వారం గడిచినట్టు. బక్రీదుకు పొట్టేలును కూడా అన్నే ఏరి, తానే తోలుకొచ్చి, మాతో తిని పోయేవాడు.

ఆ ఏడు చలికాలంలో మా ఆయన హైదరాబాదు నుంచి ఒక గేమ్ బోర్డు తెచ్చాడు. వడ్ల జానయ్యతో బీరువా అంత చెక్కపెట్టె చేయించి, అందులో పాత కలర్ టీవీ బిగించాడు. ముందు వైపు ఇద్దరు పక్కపక్కన నిలబడడానికి జాగా. ఒక్కొక్కరికి ఒక పిడి, ఆరు గుండీలు. రూపాయి బిళ్ల వేస్తే తెర మీద ఇద్దరు బొమ్మ మనుషులు ఎదురెదురుగా వచ్చి తన్నుకుంటారు. ఓడినవాడు దిగిపోవాలి. మళ్లీ ఆడాలంటే మళ్లీ బిళ్ల వేయాలి. గెలిచినవాడు మాత్రం ఊరికే నిలబడి, వచ్చినవాడినల్లా కొట్టుకుంటూ పోవచ్చు. అన్ని ఊళ్లలో అదే కానూన్ అని మా ఆయన చెప్పాడు.

ఆ కానూన్‌తో బాగుపడింది ఆజం ఒక్కడే. కాలేజీలో చదివే పిల్లవాడు, చేతి వేళ్లు బియ్యంలో రాళ్లు ఏరినంత చురుగ్గా ఆడేవి. మధ్యాహ్నం జోహర్ నమాజుకు ముందు ఒక్క బిళ్ల వేస్తే సాయంత్రం అసర్ అజాన్ దాకా అతణ్ని దింపేవాడు లేడు. దుకాణానికీ మా ఇంటికీ మధ్య పరదా ఉండేది. దాని సందులోంచి నాకు ఆడేవాళ్ల వీపులే కనిపించేవి. వీపు చూసి కొత్తవాడెవడో చెప్పేదాన్ని. కొత్తవాడి భుజాలు చెవుల దాకా లేచేవి. పిడిని బావి గిలక లాగినట్టు లాగేవాడు. నేను కూరలో ఉప్పు వేసి మళ్లీ చూసేసరికి ఆ వీపు ఉండేది కాదు. ఇంకో వీపు వచ్చేది. పోయినవాళ్లు మళ్లీ కనిపించేవాళ్లు కాదు.

ఈ మాట మా ఆయనతో అన్నాను. "నేర్చుకునేటోడు నేర్చుకుంటడు, లేనోడు పోతడు. సైకిల్ నేర్వంగ పడలేదా మనం?" అన్నాడు. సైకిల్ మీద నుంచి పడితే ఎందుకు పడ్డామో తెలుస్తుంది కదా అని నా మనసుకు తోచింది. కానీ నేను సైకిల్ తొక్కినదాన్ని కాదు, ఊరుకున్నాను.

ఎండాకాలం మొదట్లో ఒక అంగడి రోజు. ఐలేశం అన్న బల్ల మీద కూర్చుని చాయ తాగుతుంటే మా ఆయనకు సరదా పుట్టింది.

"బావా, ఒక్కపారి ఆడు. కుస్తీ లెక్కనే. నువ్వు పహిల్వాన్‌వి, నీకు చిటికెల పని."

"నాకెందుకు బావా గీ పోరగాండ్ల ఆట?"

"జర లే. వీండ్లకు సూపియ్యి."

అన్న లేచాడు. భుజం మీది గొంగడి తీసి బల్ల మీద పెట్టాడు. పెట్టె ముందుకు పోయి, వంగి నేలను తాకి కళ్లకు అద్దుకున్నాడు. కుస్తీ మట్టిలో దిగేముందు అలా చేసే అలవాటు. అప్పుడే ఎవరో కిసుక్కుమన్నారు. పక్కన ఆజం నిలబడి ఉన్నాడు. మా ఆయన తానే బిళ్ల వేశాడు. తెర మీద ఇద్దరు బొమ్మ మనుషులు వచ్చారు.

అన్న పిడి మీద చేయి పెట్టి ఊరికే నిలబడ్డాడు. కదల్లేదు. ఆజం బొమ్మ ఎగిరి తన్నింది. మళ్లీ తన్నింది. అన్న బొమ్మ కింద పడింది.

"అరె, ఆగుమనుండ్రి! ఇంక చేతులే కలపకపాయె!" అన్నాడు అన్న.

దుకాణమంతా ఒక్కసారి గొల్లుమంది.

"చేతులు కలుపుడేంది పెదనాయినా, నిఖానా?" అన్నాడొకడు.

"పహిల్వాన్ కాదు, దిష్టిబొమ్మ!" అన్నాడు ఇంకొకడు.

రెండో ఆట మొదలైంది. ఈసారి అన్న గుండీలన్నీ కలిపి అరచేత్తో గుద్దాడు. ఆయన బొమ్మ గోడ వైపు తిరిగి గాలిని తన్నసాగింది. నవ్వులు ఇంకా పెరిగాయి. మా ఆయన కూడా నవ్వాడు. పరదా వెనక నేను కూడా నవ్వాను, అబద్ధమెందుకు. ఆట ముగిసింది. ఆజం అన్న వైపు చూడకుండానే, "తర్వాత ఎవరు?" అని అడిగాడు.

అన్న గొంగడి తీసుకుని భుజాన వేసుకున్నాడు. "పోత బావా, ఎండ ముదురుతాంది" అని మెట్లు దిగాడు. చాయ సగం గ్లాసులోనే ఉంది.

తర్వాతి అంగడికి రాలేదు. ఆ పై అంగడికీ రాలేదు. మా ఆయన ప్రతిసారీ ఎవరికో గేమ్ గురించి చెబుతూ రోడ్డు వైపే చూసేవాడు. "ఆటన్నంక ఓడుడు ఉంటది. గింతదానికే మొకం ముడుసుకుంటడా మొగోడు?" అని నాతో అనేవాడు. ఆ మాట కోపంగా అనాలని చూసేవాడు గానీ కోపం వచ్చేది కాదు.

బక్రీదుకు మూడు రోజుల ముందు పొట్టేలు వచ్చింది. తెచ్చింది అన్న కాదు, ఆయన దగ్గర పనిచేసే గాలయ్య.

"ఐలేశం రాలేదా?" అని మా ఆయన అడిగాడు.

"పనున్నదన్నడు పటేలా."

"ఏం పని?"

గాలయ్య పొట్టేలు తాడు మా గుంజకు కట్టి, "పనే" అన్నాడు.

ఆ మధ్యాహ్నం మా ఆయన అన్నం ముందు కూర్చుని, తినకుండానే లేచి దుకాణంలోకి పోయాడు. ఇరవై ఏళ్ల దోస్తీ ఒక రూపాయి బిళ్లకు పోయేలా ఉందని అప్పుడు ఆయనకు భయం పట్టింది. దుకాణం తలుపు వేసి ఉంది. నేను పరదా జరిపి లోపలికి పోయాను.

"నాకొక బిళ్ల వెయ్యండ్రి. నేను ఆడి చూస్త" అన్నాను.

ఆయన వింతగా చూసి, బిళ్ల వేసి, రెండో పిడి తాను పట్టుకున్నాడు. ఆజం అంత కాకపోయినా ఆయనకూ ఆట వచ్చు. నేను పిడి పట్టుకున్నాను. తెరలో ఇద్దరున్నారు. వాళ్లలో నేనెవరో నాకు తెలియలేదు. పడిపోయినవాడే నేనని తర్వాత తెలిసింది. నవ్వేవాళ్లు ఎవరూ లేకపోయినా నా చెవులు వేడెక్కాయి.

"ఏమైంది జులేఖా?" అన్నాడు.

"కింద పడ్డ. సరే. కాని నన్నేది కొట్టిందో తెల్వలే. తెలిస్తె మళ్ల లేసినప్పుడు దానికి అడ్డం పెడుదును. తెల్వకముందే ఆట అయిపాయె. బయట నలుగురు నవ్వితే నేను గడప దాటి ఉరుకుదును."

ఆయన పిడి వదిలేశాడు. పెట్టె వెనక పలక తీసి లోపలికి చూశాడు. బాగుచేయవలసింది అక్కడ ఏమీ లేదు. పలక మళ్లీ బిగించాడు.

పండగ తెల్లారి ఇద్దరం సైకిల్ మీద అన్న దగ్గరికి పోయాం. ఎండాకాలం కదా, మందను ఎవరి చేనులోనో పెట్టారు. గొర్రె ఎరువు కోసం రైతులు పిలిచి పెట్టించుకుంటారు. అన్న తడక పక్కన చెట్టు నీడలో కూర్చుని గొర్రె కాలి ముల్లు తీస్తున్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు. కూర్చోమని నాకు గొంగడి పరిచాడు.

"మంచిగున్నవా చెల్లె?" అన్నాడు. మా ఆయనను అడగలేదు.

పండగ కూర గిన్నె ముందు పెట్టాను. మా ఆయన నేల మీదే కూర్చున్నాడు.

"బావా, నేను నవ్విన. నవ్వొద్దుండె."

అన్న ముల్లు తీయడం ఆపలేదు. "నవ్వితే నవ్వినవ్. జాతరల ఓడినప్పుడు నన్ను చూసి ఊరంత నవ్విన్రు. దానికి కాదు నాకు."

"మరి దేనికి?"

"జోడు చూసినవా నువ్వు?" అన్నాడు అన్న, మొదటిసారి తలెత్తి. "నేను మట్టిల దిగిన మొదటి పొద్దు మా ఉస్తాద్ ఏం జేసిండు? నా పక్కపొంటి ఇంకొకణ్ని నిలబెట్టిండు. భుజం భుజం ఆనించి చూసిండు. వాడు గూడ నా లెక్కనే కొత్తోడు. కొబ్బరికాయ కుస్తీ అంటరు దాన్ని. గెలిచినోనికి ఒక కాయ. ఓడినా ఎట్ల ఓడినమో తెలుస్తది. వాని కాలు ఎక్కడ పడ్డది, నా మెడ ఎక్కడ దొరికింది అని రాత్రంత పండుకొని అనుకుంటం. తెల్లారి మళ్ల పోతం. ఏండ్లకు ఏండ్లు పోయినంకనే వెండికడెం కుస్తీ. నువ్వు నన్ను మొదటి పొద్దే వెండికడెం పహిల్వాన్ ముంగట నిలబెట్టినవ్. గది కుస్తీ అంటివి. గది కుస్తీ కాదు బావా, కోడిని కోసుడు."

మా ఆయన తల వంచుకుని విన్నాడు. తర్వాత, "నా తప్పే" అన్నాడు. అంతకంటే ఏమీ కలపలేదు. అన్న కూర తిన్నాడు గానీ వస్తానని అనలేదు.

తిరిగి వచ్చేటప్పుడు దారంతా మా ఆయన సైకిల్ తొక్కుతూ తనలో తాను మాట్లాడుకున్నాడు. మర్నాడు దుకాణంలో చెప్పాడు: అంగడి రోజు పొద్దున పెట్టె కొత్తవాళ్లకే. ఎవరు ఎవరితో ఆడాలో తాను చెబుతాడు. ఇద్దరూ చేయి చేయి కలిపాకే బిళ్ల. గెలిచినవాడికి కొబ్బరికాయ. ఆరితేరినవాళ్లు మధ్యాహ్నం దాకా బయట బల్ల మీద కూర్చోవాలి.

ఆజంకు కోపం వచ్చింది. "చాచా, గెలిచినోడు దిగుడేంది? గిదెక్కడి ఇన్సాఫ్?"

"నువ్వు గెలుస్తున్నవ్ బేటా, గెలిచి గెలిచి నీతోటి ఆడేటోళ్లనందర్ని ఎల్లగొట్టినవ్. రేపు ఎవలతోటి ఆడుతవ్, నాతోనా, మీ చాచీతోనా?"

అందరూ నవ్వారు. ఆజం నవ్వలేదు. రెండు వారాలు రాలేదు. మొదటి అంగడికి కొత్తవాళ్లు ఇద్దరే వచ్చారు. రెండో అంగడికి ఐదుగురు. వాళ్లలో ఒకడు ఓడి, బయటికి పోయి, మళ్లీ తిరిగి వచ్చి, "నన్ను కింద తన్నిండు, గందుకే పడ్డ" అన్నాడు. అలా తిరిగి వచ్చినవాణ్ని నేను ఆ దుకాణంలో అదే మొదటిసారి చూడడం. కానీ మా ఆయన కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి.

నాలుగో అంగడికి ఐలేశం అన్న వచ్చాడు. లోపలికి రాలేదు. మెట్టు మీద నిలబడి, ఇద్దరు పిల్లలు చేతులు కలిపి ఆడడం చూశాడు. అదే సమయానికి వడ్ల జానయ్య పెట్టె కాలు ఊగుతోందని చూడడానికి వచ్చాడు. పెట్టె చేసింది అతనే గానీ ఒక్కసారీ ఆడి ఎరగడు. మా ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఇద్దరికీ నలభై దాటాయి, ఇద్దరివీ పని చేసి చేసి మొద్దుబారిన వేళ్లు.

"బావా, జోడు నువ్వే చెప్పు. కుదురుతదా?" అన్నాడు.

అన్న జానయ్య పక్కకు పోయి భుజం ఆనించి చూశాడు. "కుదురుతది" అన్నాడు.

ఆడారు. మొదటి ఆట జానయ్య గెలిచాడు. రెండోది అన్న గెలిచాడు, ఎలా గెలిచాడో తనకే తెలియక వెనక్కి తిరిగి అందరినీ చూశాడు. మూడో ఆటలో ఇద్దరూ వంగి, తెరకు ముక్కు తగిలేంత దగ్గరకు పోయారు.

"మెల్లగ గుద్దు ఐలేశం, నా పెట్టె పలుగుతది!"

"నీ పెట్టె పలిగితె మళ్ల నువ్వే చేస్తవు. ఆడు ముందు."

బయట బల్ల మీద నుంచి ఆజం గొంతు వినిపించింది. ఎప్పుడు వచ్చాడో. "పెదనాయినా, కిందికి గుంజి కూసో! కూసుంటె తన్ను తగలది!"

"నువ్వు నోర్మూసుకో. జోడు కానోనివి" అన్నాడు అన్న. అని, పిడి కిందికి గుంజాడు. జానయ్య తన్ను తల మీంచి పోయింది. దుకాణమంతా ఓ అని అరిచింది. ఆ అరుపుకు అన్నే తత్తరపడి పిడి వదిలేశాడు, బొమ్మ లేచి నిలబడింది. జానయ్య ఇంకో తన్ను తన్నాడు. అయిపోయింది. కొబ్బరికాయ జానయ్యకు పోయింది.

అందరూ అన్న ముఖం వైపే చూశారు. మా ఆయన కదలకుండా నిలబడ్డాడు. అన్న తెరనే చూస్తున్నాడు, పెదవులు కదులుతున్నాయి.

"లేసిన. లేసుడే తప్పైంది" అన్నాడు తనకు తాను. ఆ తర్వాత జేబులో చేయి పెట్టి వెతుకుతూ, "ఓ జానయ్యా, ఎటు పోతున్నవ్? నిలబడు. నాతాన ఇంకొక బిళ్ల ఉన్నది."

మా ఆయన పరదా జరిపి లోపలికి వచ్చాడు. పొయ్యి దగ్గర నా పక్కన నిలబడ్డాడు. 

"చాయ పెట్టు జులేఖా" అన్నాడు. "అన్నం గూడ పెట్టు. బావ గిప్పట్ల పోయేటట్టు లేడు."