ఉబ్బే చేపను చూడబోయిన కనక

జి.మాడుగుల దగ్గర కొండవాలులో కనక ఊరు. పసుపు, చోళ్ళు, రాజ్‌మా పండిస్తుంది. నలభై దాటినా సముద్రం చూడలేదు. ఆమెకు తెలిసిన సముద్రమంతా వారం వారం సంతకు బస్తాల్లో వచ్చే ఎండు నెత్తళ్ళే. అవి అమ్మే వరమ్మది సముద్రపొడ్డున ఉన్న పూడిమడక. వయసులో పెద్దదని కనక ఆమెను అప్పా అని పిలుస్తుంది.

ఈ ఏడాది మాఘమాసంలో ఒకరోజు నెత్తళ్ళు చాటలో పోసి ఏరుతుంటే బొటనవేలంత చేప ఒకటి కనిపించింది. తల లావు, నోరు చిన్నది. పళ్ళు చిలక ముక్కులా ఉన్నాయి. పొట్ట చర్మం ముడతలు పడి, వేలితో రాస్తే గరుగ్గా తగిలింది. ఇంత చిన్న చేపకు ఇంత వదులు చర్మం దేనికో ఆమెకు అంతుపట్టలేదు. ఆకులో చుట్టి దాచి, సంతరోజున వరమ్మకు చూపించింది.

వరమ్మ చప్పున లాక్కుంది. "ఇలాటిది తిన్నావేటే?"

"నేదప్పా. ఏటిది?"

"ఇసం. నెత్తళ్ళతోపాటు వల్లో పడతాది. ఏరి పారేత్తాం. ఇదెలాగో నా కళ్ళు గప్పి వచ్చీసింది."

"పొట్టేటి అలాగుంది?"

"బతికున్నప్పుడు పట్టుకుంటే బంతిలాగ ఉబ్బుతాది."

"సేపెక్కడైనా ఉబ్బుతాదా?"

"నమ్మకపోతే వచ్చి సూడు."

వరమ్మ మాటవరసకే అంది. కనక మాత్రం పసుపు ఉడకబెట్టే పని కాగానే, భర్త భీముడికి చెప్పి, సంత ముగిశాక వరమ్మతోపాటు వ్యాన్ ఎక్కేసింది. ఘాట్ దిగుతున్నంతసేపూ అడుగుతూనే ఉంది. ఉబ్బేది గాలితోనా, నీళ్ళతోనా? మళ్ళీ తగ్గుతుందా? పగిలిపోదా?

"ఇన్నేళ్ళనించి ఏరి పారేత్తన్నాను గానీ, ఇంత ఆలోసించనేదే" అంది వరమ్మ.

మర్నాడు పొద్దున ఒడ్డున జనం వల లాగుతుంటే కనక కూడా తాడు పట్టింది. వల ఇసుక మీదికి వచ్చాక ముందు నెత్తళ్ళనే చూస్తూ నిలబడిపోయింది. కిందున్న ఇసుక కనిపించేంత పల్చగా ఉన్నాయవి. అంతలో వరమ్మ గుట్టలోంచి ఉబ్బే చేప ఒకదాన్ని ఏరి ఆమె అరచేతిలో పెట్టింది. తెల్ల పొట్ట, ఆకుపచ్చ వీపు. అది గుటకలు వేస్తూ, కీచుమంటూ, చూస్తుండగానే నిమ్మకాయంత అయింది. పొట్ట మీది ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. కనక దాన్ని వదల్లేదు.

మోకాలి లోతు నీళ్ళలోకి వెళ్ళి విడిచిపెట్టింది. అది వెల్లకిలా తేలింది.

"సచ్చిపోనాదప్పా."

"ఉండు, సూడు."

అల ఒకటి దాన్ని పక్కకు నెట్టింది. ఉన్నట్టుండి నోట్లోంచి బుడగలు వచ్చాయి. బంతి కాస్తా చేపై, తోక ఆడించి మునిగిపోయింది. చీర తడిసినా కనక చాలాసేపు అక్కడే నిలబడింది.

ఇంటికొచ్చి చెబితే భీముడు అంతా విన్నాడు. "తినరు, అమ్మరు. మరెందుకే ఆ సేప?"

"నానూ అదే అడిగాను. అప్పకీ తెల్దంట."

ఇప్పుడు వరమ్మ ఆ చేపలు దొరికితే ఊరికే పారేయడం లేదు. కాసేపు చూసి నీళ్ళలో వదిలి, చూసిందంతా సంతలో కనకకు చెబుతోంది. పోయిన వారం గోరంత పిల్ల దొరికిందట. అదీ ఉబ్బి గోళీకాయంత అయిందట.

"అమ్మ దగ్గిర నేర్సుకుంతాదా, పుట్టుకతోనే వత్తాదా?" అంది కనక.

వరమ్మ తూకం ఆపి, "ఇంకా సిన్న పిల్ల దొరికితే సూసి సెప్తాను" అంది.