కాక విప్పి చూసిన రీలు

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో సాయంత్రమైనా తేలడం లేదు.

కుంఠా నాకాలో మా కాక చేతిమగ్గాన్ని కొన్నవాళ్లు ఈ మధ్యాహ్నం విప్పి తీసుకెళ్లారు. కాకవాళ్లు కుంభారి కాలనీకి మారుతున్నారు, అక్కడి గదిలో మగ్గం పట్టదు. అందుకే పొద్దున్నే నాన్న వాడిన పాత సోవియట్ కెమెరా పట్టుకుని వెళ్లాను. దాంట్లో రెండుగా కనిపించే బొమ్మ ఒకటయ్యేదాకా లెన్సు తిప్పి, అప్పుడు నొక్కాలి. కాక నేస్తుండగా రీలులోని ముప్పై ఆరు ఫోటోలూ ఓపిగ్గా తీశాను. ఇదెట్లా పనిచేస్తుందని ఆయన అడిగితే, "మీ మగ్గం లాగానే కాకా, ఒక పక్క విప్పుకుంటూ ఇంకో పక్క చుట్టుకుంటది" అని గొప్పగా చెప్పాను.

మగ్గం వెళ్లిపోయింది. రీలు వెనక్కి చుట్టకుండానే చాయ్‌కి లేచాను. తిరిగొచ్చేసరికి కాక గుమ్మంలో ఎండకు కూర్చున్నాడు. కెమెరా అడుగు మూత నేల మీద, రీలంతా ఆయన ఒళ్లో ఉన్నాయి.

"ఏం జేసినవ్ కాకా!"

"ఒర్లకు బిడ్డా. బట్టను మధ్యమధ్యల విప్పి చూడకుంటే పోగు తెగింది ఎట్ల ఎర్కైతది? ఒక్క ఫోటు గూడ వడలే. ఖరాబు మాల్, వాపస్ ఇచ్చెయ్."

కడిగేదాకా రీలుకు వెలుతురు తగిలితే ఫోటోలన్నీ పోతాయన్న ఒక్క మాట చెప్పనిది నేనే కదా? ఫోన్‌తో ఒక్కటైనా తీయనిదీ నేనే. ఆ మగ్గం మీద ఆయన కూర్చున్న ఫోటో ఇక ఎక్కడా ఉండదని కాకకు ఇంకా చెప్పలేదు. మీరైతే చెప్పేవారా?